గుడ్లు పెట్టే పిట్టకు పెట్టుబడి

ఏటా గింజలు వానకు మొలకెత్తి పాడవుతున్నాయని ఉడత ఏడిస్తే, కుట్టుపిట్ట దానికో ఆకుసంచి కుట్టిచ్చింది. మర్నాడు ఉడతలన్నీ మాకూ కావాలన్నాయి. వానలు దగ్గరికొచ్చాయి, దారానికి దూది లేదు. అడవిలోని దూదంతా బూరుగుచెట్టు మీది కోతిమామ చేతిలో ఉంది.

కుట్టుపిట్ట ఒక సంచి పట్టుకుని దూది అడగడానికి వెళ్ళేసరికి అక్కడ మగనెమలి పురివిప్పి నిలబడి, అడవికంతటికీ ఒకే గొడుగు కడతానంటోంది. అది అప్పటిదాకా ఒక్క ఆకూ కుట్టలేదు. అయినా కోతి దానికి బుట్టెడు దూది ఇచ్చేసింది.

తర్వాత కుట్టుపిట్ట సంచిని తిప్పి చూసి, "బానే ఉందమ్మా. రేపు నువ్వు గుడ్లు పెడితే ఈ పని ఎవరు చేస్తారు?" అంది.

"నెమలిని ఆ మాట అడగలేదేం, మామా?"

"వాడు మగాడు కదమ్మా."

కుట్టుపిట్ట ఉడతల దగ్గరికి వచ్చింది. "సాలెగూళ్ళ పోగులు తెచ్చినవాళ్ళకి ముందు కుడతాను" అంది. సాయంత్రానికి పోగులు కుప్పపడ్డాయి.

వానలొచ్చాయి. నెమలి ఆ దూదిని పరుపు చేసుకుని, గొడుగు రంగు గురించి ఆలోచిస్తోంది. కోతి తడుస్తూ, మిగిలిన దూది పట్టుకుని కుట్టుపిట్ట గూటికి వచ్చింది. "ఇది తీసుకుని నీ పనిలో నాకూ వాటా ఇవ్వమ్మా."

కుట్టుపిట్ట గుడ్ల మీద కూర్చుని కూడా సంచి కుడుతోంది.

"మీరూ మగవాళ్ళే కదా, మామా. రేపు ఇంకో నెమలి పురివిప్పితే నా పనేం కాను?"