ఏడు ముడుల తాయెత్తు

“అబ్బా, జర ఆగు! ముడెయ్యకు.”

తాయెత్తు కట్టబోతూ నల్లదారం పట్టుకున్న గులాం రసూల్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆపింది సొంత బిడ్డ ఆఫియా. లండన్‌లో పిల్లల మనసు వైద్యం చదివి, నెల కిందటే వనపర్తికి తిరిగొచ్చింది.

గోపాల్‌పేట తిమ్మమ్మకు చిర్రెత్తుకొచ్చింది. పది రోజులుగా బడి పేరెత్తితే వణుకుతున్న మనవరాలు అమూల్యను ఆమె తెచ్చింది రసూల్ తాయెత్తు కోసం.

“గోలీలియ్యదు, సూదెయ్యదు. ఈమేం డాక్టరమ్మ?”

ఆఫియా నవ్వి, నేల మీద కూర్చుని దారాన్ని పిల్ల చేతికిచ్చింది. “నువ్వే ముడెయ్యి. నీ భయమేందో మెల్లగ ఆ ముడికి చెప్పు.”

అమూల్య ముడి వేసింది. గుసగుస అందరికీ వినిపించింది. “బడిల పాయిఖాన తలుపుకు గొళ్లెం లేదు.”

“గింతేనా!” తిమ్మమ్మ చెంగున లేచింది. “పొద్దుగాల నేనే పోయి పెట్టిస్త. నడువు బిడ్డా.”

వాళ్లు వెళ్లాక, అమూల్య వదిలేసి పోయిన ముడి దారాన్ని రసూల్ చేతిలోకి తీసుకున్నాడు.

“ముప్పై ఏండ్ల సంది కడుతున్న. భయమేందని ఒక్కరినన్న అడగలే. చిన్నప్పుడు నీకూ కట్టిన గదా... నీ భయమేముండె, బేటా?”

“చీకటి, అబ్బా. ఏడు ముడులేసినా తగ్గలే.”

“తగ్గిందన్నవు గదా!”

“తగ్గలేదంటే నీ పేరు పోతదని అట్లన్న. లండన్‌ల గూడ రెండేండ్లు లైటేసుకునే పండుకున్న.”