మగ్గబెట్టిన బొమ్మ

“ఒకే రెమ్మకి మూడు రంగులేంటండీ, లేయా టీచర్?” అన్నారు లక్ష్మీనరసింహారావుగారు, నా బొమ్మ చూసి.

రెడ్డిగూడెంలో ఆయన మామిడితోటకి కంచెగా పెరిగింది పరికి కంప. తోటలో కట్టిన గెస్ట్‌హౌస్ గోడకి తగిలించడానికి, డ్రాయింగ్ టీచర్నని నన్ను దాని బొమ్మ వేసిమ్మన్నారు. కంప మీద ఉన్నట్టే వేశాను. పచ్చికాయలు, ఎర్రటి దోరకాయలు, పిట్టలు ఏరుకుతినే నల్లటి పళ్లు. ముళ్లు కూడా వదల్లేదు.

“పళ్ల వ్యాపారంలో తలపండినవాణ్ణి. మందు పెడితే గదిలో కాయలన్నీ ఒకే రంగుకొస్తాయి. ఇది మీరు ఊహించి వేసినట్టుంది.”

చెట్టున పండిన పండు ఎరగని మనిషికి ఏం చెప్తాం? కంచె దాకా వెళ్లి చూద్దాం రమ్మన్నాను.

“ఎండలో మీకెందుకండీ శ్రమ,” అని ఓ పెద్ద రెమ్మ నరికించారు. సీజన్ కాకపోయినా మామిడి మగ్గబెట్టే గది తెరిపించి, అందులో పెట్టించారు.

వారం తిరక్కుండా కబురొచ్చింది. వెళ్లేసరికి ఆకులు రాలిపోయి, కాయలన్నీ ముడుచుకుపోయి మట్టిరంగులో ఉన్నాయి.

“చూశారా, ఒకే రంగు. ఇప్పుడు వెయ్యండి.”

ఉన్నదున్నట్టు వేయడమే కదా నా పని. ఒళ్లు మండి, మరీ శ్రద్ధగా వేశాను. ఆయన మురిసిపోయి ఫ్రేమ్ కట్టించారు.

నిన్న ఆయనే ఫోన్ చేశారు. గెస్టెవరో బొమ్మ చూసి, ఈ మొక్కకేమైందని అడిగాడట.

“అప్పుడు కళ్లజోడు పెట్టుకుని మీ బొమ్మని పరీక్షగా చూశానండీ. కంపకి ఏదో తెగులు. మామిడికి అంటుకోకముందే కంచెంతా నరికించేశాను. మీరు అంత నిజంగా వేయబట్టే తెలిసింది.”