తలుపు దగ్గర ఆపేవాడు

ఆ ప్లాస్టిక్ స్టూలును వార్డు బయటికి విసిరింది మీరే. ట్రస్టు పెద్దలు, మీరు పెట్టిన మేనేజరు, అందరూ.

స్టూలే గదా అంటారు. ముందు వినండి.

కడపలో మీ ట్రస్టు నడిపే డయాలసిస్ వార్డు. కిడ్నీలు పాడైనవాళ్ళు రోజు విడిచి రోజు వచ్చి, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. మానేస్తే మనిషి దక్కడు.

రెండు మంచాల మధ్య ఆ స్టూలు. దాని మీద యేసుప్రసాద్. కమలాపురం మనిషి, యాభై దాటినవాడు. చేతిలో పాచికలు.

కథ ఆయన నడుపుతాడు. మంచాల మీదున్నవాళ్ళు తలా ఒక పాత్ర. ఏం చేస్తారో వాళ్ళే చెప్పాలి. అది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. ఒక చెయ్యి మిషన్‌కు, ఇంకో చెయ్యి పాచికలకు. టిఫిన్ క్యారియర్ మూతలో వేయడమే.

మైదుకూరు వ్యాపారి తిరుమలయ్య దొంగ పాత్ర తీసుకున్నాడు.

"శెట్టీ, నువ్వు దొంగవా?" అన్నాడు యేసుప్రసాద్.

"ఇన్నేండ్లూ అంగట్లోనే కూర్చుంటి. ఒక్కరోజన్నా దోచుకోనీ అప్పా."

పక్క మంచం ప్రేమజ్యోతిది. బద్వేలు పిల్ల. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. కథలో ఆమె కోట పోగొట్టుకున్న రాణి.

కథను ఎప్పుడు ఉరికించాలో, ఎప్పుడు నిలపాలో ఆయనకు తెలుసు.

నర్సు సూది ఎత్తగానే కథలో పులిని మీదికి తోలేవాడు. "రాణీ, ఎడమకా, కుడికా? జల్దీ చెప్పు!" ఆమె "కుడికి" అనేలోగా సూది దిగిపోయేది.

రాళ్ళలో, ఎండలో నెలరోజుల ప్రయాణాన్ని ఒక్క మాటలో తేల్చేసేవాడు. "చేరినారు."

ఎవరికైనా బీపీ పడిపోయి గొంతు సన్నబడితే కథలో వాన కురిసేది. పాత్రలన్నీ గుహలో కూర్చునేవి. ఎవరి మీదికీ ఏదీ వచ్చేది కాదు.

మిషన్ ఆగే వేళకు మాత్రం ఎప్పుడూ ఒక తలుపు. అవతల ఎవరో కొడుతుంటారు.

"ఎవురది?"

"ఎల్లుండి చెప్తా."

"నీ ఇల్లు బంగారం గాను! ఎప్పుడు జూడూ తలుపు కాడనే ఆపుతాడు!" తిరుమలయ్య తిట్టేవాడు.

ఒకరోజు ప్రేమజ్యోతి అంది. "చిన్నాయనా, నాకింగ శాతకాదు. ఆ బస్సులు, ఈ సూదులు... ఇంగ రాను."

"సరేలే తల్లీ. తలుపు శెట్టి తీస్తాడు. దొంగోడు గదా, లోపల ఉండేదంతా మూట గట్టుకుంటాడు."

"శెట్టా! నేను తీయనిస్తే గదా!"

ఆ ఎల్లుండికి ఆమె వచ్చింది. ఆ వేసవంతా అలాగే వచ్చింది.

అప్పుడు కొత్త మేనేజరు దిగాడు. ప్రదీప్‌కుమార్. రోగికి ఒక్క తోడు మనిషే అని రూలు పెట్టాడు.

"ఈయన ఎవరి మనిషి?"

"ఆ పాప చిన్నాయన గదా?" అన్నాడు తిరుమలయ్య.

"కాదే! మీ అంగట్లో గుమాస్తా గదా?" అంది ప్రేమజ్యోతి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వార్డంతా నవ్వింది. మేనేజరుకు నవ్వు రాలేదు.

"మీ పేషెంట్ ఎక్కడ?"

యేసుప్రసాద్ ప్రేమజ్యోతి పడుకున్న మంచం వైపు చూశాడు.

"పాచికలాడడానికి ఇది రచ్చబండ కాదు. లేవండి."

ఆరోజు రాణి తన కోట తలుపు ముందే నిలబడి ఉంది.

"లోపల ఎవురుండారో ఒక్కమాట చెప్పిపో చిన్నాయనా." ప్రేమజ్యోతి కళ్ళలో నీళ్ళు.

"సరే, ఐదు నిమిషాలిస్తా. కథ ముగించి పోండి." మేనేజరు గొప్ప దయ చూపినట్టు అన్నాడు.

"ముగించను సార్."

"ఏం మొండితనమప్పా! ఆడబిడ్డ ఏడుస్తాంటే!" తిరుమలయ్య కసిరాడు.

"గేటు కాడన్నా కూర్చోనీండి సార్. మిషన్ ఆగేటప్పుడు ఒక్కమాట చెప్పి పోతాంటా."

"సెక్యూరిటీ!"

ఆయన పాచికలు ప్రేమజ్యోతి అరచేతిలో పెట్టాడు. "తలుపు తీయొద్దు తల్లీ. నేనొచ్చేదాకా."

ఆయన వెనకాలే స్టూలు కూడా బయట పడింది.

తర్వాతిసారి ఆమె వచ్చింది. వార్డు గుమ్మం వైపు చూస్తూ పడుకుంది. పాచికలు పిడికిట్లోనే ఉన్నాయి.

ఆ తర్వాత రాలేదు.

కొన్నాళ్ళకే బద్వేలు చర్చి సమాధుల తోటలో ఆమె భూస్థాపన జరిగింది.

తిరుమలయ్య నర్సు విశ్వాసమ్మ ముందు మండిపడ్డాడు. "ఆయప్ప ఒక్కమాట చెప్పింటే ఏం పోయేది? పిల్ల మనసన్నా సల్లబడేది గదా! రాతిగుండె మనిషి!"

సూది మీద ప్లాస్టరు అతికిస్తున్న విశ్వాసమ్మ చెయ్యి ఆగింది.

"అట్లనొద్దు శెట్టిగారూ. ఆయనకు ఈడ పేషెంటు ఎవురూ లేరు. ముందుండె. ప్రేమజ్యోతి పండుకున్న ఆ మంచమే. కూతురు, జీవిత. ఆ పాచికలు ఆ పిల్లవే. ఆట నేర్పిందీ ఆ పిల్లే."

"మరి?"

"ఒకనాడు శానా ఏడ్చి, కథ ముగించు నాయనా అనె. బిడ్డ అడిగె గదా, ముగించినాడు. తలుపు తీసినాడు. పిల్ల నవ్వుకుంటా ఇంటికి పోయె. మళ్ళా బయల్దేరమంటే, 'కథ అయిపాయ గదా నాయనా, ఇంగ యాడికొచ్చేది' అని గోడ దిక్కు తిరిగి పండుకొనిందంట. మళ్ళా లేయలేదు."

ట్రస్టు పెద్దల్లారా, సంతాప సభ వద్దు, ఫ్లెక్సీ వద్దు. ఆ మంచం మీదికి మొన్న ఇంకో పిల్ల వచ్చింది, అప్పుడే "ఇంగ రాను" అంటోంది. ఆ స్టూలు తెచ్చి ఉన్నచోటే వేయండి. మీ మేనేజరే కమలాపురం పోయి, కాళ్ళు పట్టుకోనైనా సరే, ఆ తండ్రిని ఈరోజే తీసుకురావాలి.