పదకొండో గొంతునొప్పి

గుమస్తా బదిలీ మీద ఈ ఆఫీసుకొచ్చి ఏడాదైంది. సెలవు చీటీ రాయడం ఇది పదకొండోసారి. కారణం అన్నచోట ఎప్పటిలాగే "మా అబ్బాయికి టాన్సిల్స్" అని నింపాడు.

ఆఫీసులో సలహాలకేం కొదవ? క్యాషియరు ఉప్పునీళ్లు పుక్కిలించమంది. రికార్డులు చూసే ఆవిడ ఐస్‌క్రీము మాన్పించమంది. జన్మలో ఒక్క పిల్లాణ్ణీ ఎత్తుకోని స్టోర్ కీపరు కూడా "అంతా వాళ్లమ్మ గారాబం" అని తేల్చేశాడు. గుమస్తా అందరికీ ఓపిగ్గా తలూపాడు.

చీటీ అందగానే మేనేజరు పిలిపించాడు. ఇంకొక్క సెలవడిగితే ఉద్యోగం ఊడుతుందని పోయిన నెలే చెప్పిన మహానుభావుడు. గుమస్తా కాళ్లీడ్చుకుంటూ లోపలికెళ్లాడు.

"మందులు వాడితే తగ్గి చావాలి కదయ్యా! మళ్లీ మళ్లీ ఎందుకొస్తుంది?"

ఆ పాఠం గుమస్తాకి కంఠోపాఠం.

"పైపైన తగ్గుతుంది సార్. టాన్సిల్స్‌లో సన్నటి గుంటలుంటాయి. బాక్టీరియా వాటిల్లో దూరి కూర్చుంటుంది. ముక్కు వెనకాల అడినాయిడ్స్‌లోనూ అదే తంతు. మందు అక్కడిదాకా సరిగ్గా పోదు. దూదిపుల్లతో గొంతు తుడిచి పరీక్ష చేస్తే పైనున్నదే దొరుకుతుంది, లోపలున్నది దొరక్కపోవచ్చు. ఎంత తరిమినా ఇల్లు ఖాళీ చెయ్యని అద్దెవాళ్లు సార్ అవి!"

మేనేజరు నోరు తెరుచుకుని విన్నాడు. ఆయన కూతురిదీ రెండేళ్లుగా ఇదే అవస్థ. ఏ డాక్టరూ ఇంత విడమర్చి చెప్పలేదు. ఆఫీసంతా బండరాయనుకునే ఆ గుండె కాస్తా కరిగి నీరైంది.

"తండ్రి బాధ తండ్రికే తెలుస్తుందయ్యా" అంటూ కళ్లు తుడుచుకుని, చీటీ మీద సంతకం పెట్టేశాడు.

గుమస్తాకి పోయిన ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టి గుమ్మం వైపు నడిచాడు.

"ఆగాగు. మీవాడికి ఎన్నేళ్లన్నావ్?"

"ఏడు సార్."

"మా పాప ఈడే! రేపే దానికి ఆపరేషన్. ఆ సర్జన్ నా బావమరిదే. మీవాణ్ణి కూడా చూడమని ఇప్పుడే చెప్తాను. పొద్దున తొమ్మిదింటికి తీసుకొచ్చెయ్. నేను ఆసుపత్రి గేటు దగ్గరే నిలబడి ఉంటా. రాలేదో, ఇక ఆఫీసుకీ రానక్కర్లేదు."

గుమస్తా గోడ గడియారం వైపు చూశాడు. నాలుగున్నర.

ఇంకా పెళ్లే కాని అతనికి, రేపు తొమ్మిదింటికల్లా టాన్సిల్స్ వాచిన ఏడేళ్ల కొడుకు కావాలి.