వెయ్యో మెట్టు

తెర మీద ఆడే లెక్కల ఆటలో వెయ్యో మెట్టెక్కిన బిడ్డకు బతుకంతా లెక్క తప్పదని ఊరంతా నమ్మేది. చిన్నప్పుడు తానూ ఆ మెట్టెక్కిన సింధూర, జ్వరంతో కాగిపోతున్న తన పసికొడుకును ఒళ్లో వేసుకుని, మందుసీసా మీద రాసింది కూతురు ఇందుజకు చదివి వినిపించింది.

“పది కిలోల బిడ్డకు ఒక చెంచా అట. మనవాడు ఐదు కిలోలేగా, ఎంత పొయ్యాలే?”

“జవాబులేవమ్మా?” అంది ఇందుజ, సీసా మీద వేలు జరుపుతూ. “నాలుగు చూపిస్తే ఒకటి నొక్కుతా.”

“మొన్న వెయ్యో మెట్టెక్కావని వీధంతా మిఠాయి పంచానుగదే!”

“నువ్వూ ఎక్కావుగా, నువ్వే చెప్పు!”

సింధూర చెంచాలోకి మందు వంపి, మళ్లీ సీసాలోకే పోసేసింది. పసివాడి ఏడుపు సన్నగిల్లి మూలుగైంది.

పిల్లలు అలిగి మానేయకుండా, ఆ ఆటలో వేలు ఎక్కడ పెట్టినా సరైన జవాబే దాని కిందికి జరిగి వచ్చేది.