పోలమ్మ పలకని పేరు

ఆ దేశంలో ఆశ్రయం అడిగినవాళ్ల కేసులన్నీ వాళ్ల వంటింటి గోడకున్న మాట్లాడే పెట్టే వింటుంది. తీర్పూ అదే చెబుతుంది. పోలమ్మ అన్నం వారుస్తుండగా "మీ దరఖాస్తు తిరస్కరించాం" అంది పెట్టె.

భర్తను చంపిన ఇసుక ర్యాంపు కాంట్రాక్టరు తననూ బతకనివ్వడని పోలమ్మ చెప్పుకుంది. భర్త పేరు అడిగితే మాత్రం మూడుసార్లూ "మా ఇంటాయన" అనే అంది. పేరు తెలియని మనిషికి ఈమె భార్య ఎలా అవుతుందని పెట్టె తీర్పులో రాసింది.

"పేరు చెప్తే ఆయుష్షు తగ్గిపోద్దేటి వదినా?" ఆడపడుచు కొండమ్మ మండిపడింది. "మా అన్నకి ఇంకా తగ్గడానికేటుంది?"

"నలభై ఏళ్లు నోట రానిది ఇప్పుడెలా వత్తాదే?"

"నే చెప్తానంటే అది వినదు. నువ్వే చెప్పాల."

పునర్విచారణకు వారం గడువుంది. వారమంతా గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ పోలమ్మ ఆ పేరు గొణుక్కుంది. ఆ ఉదయం నెత్తిన కొంగు కప్పుకుని పెట్టె ముందు నిలబడింది.

"సూరాడ దానయ్య" అంది. చెంపలేసుకుంది.

"ధన్యవాదాలు. మొదటి తీర్పు నియమం ప్రకారం ఇచ్చామా అన్నదే ఇక్కడ చూస్తాం. కొత్త వివరాలు తీసుకోం. తీర్పు సరైనదే."

కొండమ్మ పెట్టె మీద అరచేత్తో కొట్టింది.

"అయితే ఆ పేరు నిజమో కాదో కనుక్కోమని మీ ఊరికి పంపాం. ర్యాంపు కాంట్రాక్టరు వెంటనే జవాబిచ్చారు. దానయ్య మీ భర్తేనట. శుక్రవారం మీరు విమానం దిగేసరికి ఆయనే బండి పంపిస్తారట."