అంచనా అని రాయండి

తెర మీద పసుపు హెల్మెట్ అమ్మాయి నోరు మూసేసింది. తెలుగు మాట ఇంకా సగం మిగిలే ఉంది.

"మళ్లీ పడలే సార్," అన్నాడు రికార్డింగ్ చేస్తున్న నాగసాయి. "ఆమె మూతి మూసినంక మాటొస్తే దయ్యం మాట్లాడినట్టుంటది."

పరబ్రహ్మం కళ్లజోడు సర్దుకున్నాడు.

ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చిత్రాలకు మాటలు రాయడం ఆయన పని. పెదవులు ఎంతసేపు కదిలితే అంతే మాట. భార్య హైమ పోయాక డబ్బింగ్ థియేటర్‌కు రావడం ఇదే మొదలు.

ఇది సినిమా కూడా కాదు. బొగ్గు, కరెంటు ఎంత వాడారో ఎలా రాసిపెట్టాలో సిమెంటు ఫ్యాక్టరీల వాళ్లకు చెప్పే వీడియో. హిందీలో తీశారు.

ఆయన వాక్యాన్ని మళ్లీ చదువుకున్నాడు.

"మీటరు ఆగిన రోజులకు అంచనా వేసి రాయండి. అది అంచనా అని పక్కనే రాయండి."

"రెండో వాక్యం తీసేద్దాం," అన్నాడు.

"అది మాత్రం తీయలేమండీ," అంది వెనక కూర్చున్న వర్ణిక.

వీడియో తీయించిన సంస్థ మనిషి ఆమె. ఫ్యాక్టరీలు ఇచ్చే లెక్కలు సరిచూడటం ఆమె ఉద్యోగం.

"పోనీ, 'జాగ్రత్తగా రాయండి' అందాం. పెదవులకు సరిపోతుంది."

"జాగ్రత్తగానే రాస్తారు సార్. అంచనాను జాగ్రత్తగా అసలు లెక్కలో కలిపేస్తారు."

గాజుకు అవతల మైకు ముందున్న లీలాకుమారి నవ్వింది.

"హీరోయిన్ ఏడుపుకు ఎంతసేపైనా ఇస్తారు అన్నయ్యా. ఈ ఒక్క ముక్కకు చోటు లేదా?"

"ఏడుస్తూ చెప్పమను, చూద్దాం," అన్నాడు నాగసాయి.

పరబ్రహ్మం వర్ణిక వైపు తిరిగాడు. "ఆ ఒక్క మాటకు అంత పట్టుదల దేనికమ్మా?"

"ఈ లెక్కలను బట్టే ఏ ఫ్యాక్టరీ ఎంత పొగ తగ్గించాలో తేలుస్తారు సార్. చెప్పినదానికంటే ఎక్కువ తగ్గించినవాళ్లు ఆ మిగులుకు సర్టిఫికెట్లు తీసుకుని అమ్ముకుంటారు. తగ్గించలేనివాళ్లు కొనుక్కోవాలి. దేశమంతటికీ ఒకటే సంత."

"మరి అంచనా వేస్తే తప్పా?"

"తప్పేం కాదు. మీటర్లన్నాక పాడవుతాయి. కొలిచినట్టు కనిపించకూడదు, అంతే."

ఆమె ఫోను మోగింది. అవతల ఆమె పైఅధికారి గొంతు గదిలో అందరికీ వినిపించింది. సాయంత్రానికి వీడియో అందాలి, కుదరని ముక్క కోసేయమంటోంది.

"కోస్తే వీడియో కింద నా పేరు కూడా తీసేయండి సార్," అంది వర్ణిక.

అవతలి గొంతు పెరిగింది. ఆమె గొంతు పెరగలేదు. విన్నంతసేపు విని, అదే మాట మళ్లీ చెప్పింది.

పరబ్రహ్మం ఆమెనే చూస్తున్నాడు. తెర మీద తమ పేరు ముందుండాలని పోట్లాడినవాళ్లను ఆయన ఎంతోమందిని చూశాడు. మాట ఉండాలని పేరు వదులుకునే మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

"నాగసాయీ, ఆ తర్వాతి షాటు వెయ్."

హెల్మెట్ అమ్మాయి మీటరు వైపు తిరిగింది. ఇప్పుడు ఆమె వీపే కనిపిస్తోంది.

"ఆపు. రెండో వాక్యం ఇక్కడ. మూతి కనపడదు."

"గిది ముందే చెప్తే అయిపోతుండె కదా సార్."

"ముందు వెతకలేదురా."

లీలాకుమారి ఆ వాక్యాన్ని పక్కింటావిడకు చెప్పినట్టు చెప్పింది. ఒక్క టేకులో అయిపోయింది.

వర్ణిక కళ్లు మూసుకుని విని, మరోసారి వేయించుకుని విని, తలూపింది.

బయట ఎండ వాలింది. గేటు పక్క బండి దగ్గర లీలాకుమారి రెండు టీలు చెప్పి, ఒక గ్లాసు ఆయన చేతికిచ్చింది.

"పదో రోజుకు కూడా రాలేకపోయాను అన్నయ్యా. షూటింగ్‌కని మద్రాసులో ఇరుక్కుపోయాను."

"తెలుసమ్మా."

"నిద్రలోనే పోయిందటగా వదిన. మీరే అన్నారని మా ఆయన చెప్పారు. అసలు బాధే తెలియలేదట. అదొక్కటే ఊరట నాకు."

ఎవరడిగినా చెప్పే జవాబు ఆయన నాలుక మీదే ఉంది.

టీ మీద మీగడ కట్టింది.

"ఆ రాత్రి నేను పక్క గదిలో పడుకున్నానమ్మా," అన్నాడు. "నిద్రలోనే పోయిందని నేననుకుంటున్నాను."